ఐదు వందల గజాల అవతల ఎల్క్: వేట రైఫిల్‌కు తూటా ఎంచడం ఎలా?

అమెరికాలోని కొలరాడో, వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో చలి ముదరక ముందే ఎల్క్ వేట కాలం మొదలవుతుంది. ఎల్క్ మన అడవుల్లోని కణుజుకు చుట్టమే, కాకపోతే ఇంకా భారీ జంతువు. ఎదిగిన మగది 300 కిలోలు తూగుతుంది. చెట్టూ చేమా పలచగా ఉన్న కొండవాలు మీద మేస్తుంటుంది. దగ్గరికి వెళ్దామంటే మధ్యలో లోయ అడ్డం. అందుకే అక్కడి వేటగాళ్లలో కొందరు దుకాణంలో దొరికే రైఫిల్‌తో సరిపెట్టుకోరు. గన్‌స్మిత్ దగ్గర తమకు తగ్గట్టు, దూరపు గురికి పనికొచ్చేలా చేయించుకుంటారు. అతను ముందుగా అడిగేది ఒకటే: ఏ తూటాకు చెయ్యమంటారు?

ఈ ఒక్క జవాబు మీదే మిగతా రైఫిలంతా ఆధారపడి ఉంటుంది. బ్యారెల్ రంధ్రం ఎంత వెడల్పుండాలి, లోపలి గాట్లు ఎంత బిగువుగా మెలిక తిరగాలి, తూటా కూర్చునే ఛాంబర్‌ను ఏ కొలతకు తొలవాలి, బోల్ట్ మొహం ఎంత, మ్యాగజైన్ పొడవెంత... అన్నీ దాన్నిబట్టే. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి తొడుగు, మందు, ప్రైమర్, బుల్లెట్ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే అందులోంచి బయటికి దూసుకెళ్లే ముక్క మాత్రమే. ఎంపికలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్లే వస్తాయి. పేరున్న తూటాను ముందు ఎంచుకుని, బుల్లెట్ సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. నా ఉద్దేశంలో వరస తిరగబడాలి. ముందు జంతువు, తర్వాత బుల్లెట్, ఆ తర్వాతే తూటా.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. .308 వించెస్టర్ 1952లో వచ్చిన తూటా. ఇందులో పాత పద్ధతి 150 గ్రెయిన్ల బుల్లెట్, అంటే సుమారు 9.7 గ్రాములది, సెకనుకు 2,820 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 6.5 క్రీడ్‌మోర్ అనే కొత్త తరం తూటాను హోర్నడీ కంపెనీ 2007లో పరిచయం చేసింది. ఇందులో 143 గ్రెయిన్ల సన్నటి పొడవాటి బుల్లెట్ 2,700 అడుగుల వేగంతో మొదలవుతుంది. తుపాకీ మూతి దగ్గర చూస్తే మొదటిదే మేలనిపిస్తుంది. 500 గజాల దగ్గర, అంటే సుమారు 457 మీటర్ల దూరంలో చూడండి. మొదటిది దాదాపు 1,560 అడుగులకు పడిపోతుంది. రెండోది ఇంకా 2,000 పైనే ఉంటుంది. గంటకు 10 మైళ్ల వేగంతో గాలి పక్కనుంచి వీస్తుంటే, మొదటిది తన దారి నుంచి సుమారు 32 అంగుళాలు పక్కకు జరుగుతుంది. రెండోది 15 అంగుళాలు. ఇవి సముద్రమట్టానికి దగ్గరి గాలికి వేసిన లెక్కలు. 9,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత మూడొంతులే ఉంటుంది కాబట్టి అక్కడ రెండూ కొంత మెరుగవుతాయి, తేడా మాత్రం పోదు.

ఇంత తేడాకు మందు కారణం కాదు, బుల్లెట్ ఆకారం కారణం. గాలిని చీల్చుకుపోయే గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషియంట్ అనే అంకెతో కొలుస్తారు. అంకె పెద్దదైతే బుల్లెట్ వేగాన్ని ఎక్కువ దూరం నిలుపుకుంటుందన్నమాట. వెడల్పు తక్కువగా, పొడవు ఎక్కువగా, మొన సన్నగా, వెనక భాగం పడవలా కుదించి ఉంటే ఆ అంకె పెరుగుతుంది.

వేగం నిలవాల్సిన అవసరం గురికి మాత్రమే కాదు. వేట బుల్లెట్ జంతువు ఒంట్లో విచ్చుకుంటేనే త్వరగా ప్రాణం తీస్తుంది. అలా విచ్చుకోవడానికి కనీస వేగం ఒకటి కావాలి. చాలా వేట బుల్లెట్లకు అది సెకనుకు 1,800 అడుగుల ప్రాంతంలో ఉంటుంది. మెత్తటివాటికి ఇంకాస్త తక్కువ సరిపోతుంది, సీసం లేకుండా మొత్తం రాగితో చేసినవాటికి ఎక్కువ కావాలి. ఆ వేగం లేకపోతే బుల్లెట్ సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. జంతువు లేచి పరుగెడుతుంది, చీకట్లో ఎక్కడో పడుకుని గంటల తరబడి చస్తుంది. దూరపు వేట గురించి రాసే ప్రతివారూ ముందుగా చెప్పాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. తూటా ఎంపిక అభిరుచికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది గానీ, అందులోని తప్పుకు బాధపడేది జంతువు.

శక్తి అంకెలు కూడా తరచూ వినిపిస్తాయి. కొలరాడో నిబంధనల ప్రకారం పెద్ద జంతువుల వేటకు రైఫిల్ బుల్లెట్ 100 గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్‌-పౌండ్ల శక్తితో తగలాలి, ఎల్క్‌కైతే బుల్లెట్ బరువు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు. ఇది చట్టం గీసిన కింది గీత మాత్రమే. ఎల్క్‌కు తగిలేచోట 1,500 ఫుట్‌-పౌండ్లు ఉండాలన్నది వేటగాళ్ల పాత లెక్క. దాని ప్రకారం 6.5 క్రీడ్‌మోర్ 400 గజాలకు ముందే ఆగిపోవాలి. ఈ లెక్కను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. స్వీడన్, నార్వేల్లో 19వ శతాబ్దం చివరి నాటి 6.5×55 తూటాతో ఎల్క్ కంటే పెద్దదైన మూస్‌ను తరాలుగా వేటాడుతున్నారు. కానీ వాళ్లు కాల్చేది దగ్గరి నుంచి. దూరం పెరిగేకొద్దీ బరువైన బుల్లెట్ అవసరం నిజంగానే పెరుగుతుంది.

ఇక్కడే 7 మిల్లీమీటర్ల కుటుంబం ముందుకొస్తుంది. ఈ వెడల్పు కొత్తదేమీ కాదు. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన .275 రిగ్బీ రైఫిల్‌లో వాడేది 1892 నాటి 7×57 మౌజర్ తూటానే. 1962లో 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ వచ్చి అదే వెడల్పుకు ఎక్కువ మందు జోడించింది. 2022లో హోర్నడీ 7 ఎంఎం పీఆర్‌సీ తెచ్చింది. ఇది 175 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్‌ను సెకనుకు సుమారు 3,000 అడుగుల వేగంతో పంపుతుంది. 500 గజాల దగ్గర 2,000 ఫుట్‌-పౌండ్ల పైన శక్తి మిగులుతుంది. ఆ 10 మైళ్ల గాలికే పక్కకు జరిగేది 11, 12 అంగుళాలు.

పాత మాగ్నమ్‌కూ కొత్త పీఆర్‌సీకీ ఉన్న అసలు తేడాను అమ్మకాల ప్రకటనలు సూటిగా చెప్పవు. 1962 నాటికి ఇంత పొడవాటి బుల్లెట్లు వాడుకలో లేవు. కాబట్టి ఆ తూటా కొలతల్లో గానీ, దానికి చేసిన బ్యారెళ్ల మెలికలో గానీ వాటికి చోటు లేదు. పొడవైన బుల్లెట్ గాల్లో తలకిందులు కాకుండా నిలవాలంటే వేగంగా తిరగాలి. బొంగరం వేగం తగ్గాక తూలడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మెలికను ‘ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు’ అని చెబుతారు. 7 ఎంఎం పీఆర్‌సీకి నిర్ణయించింది 8 అంగుళాలకు ఒక చుట్టు. పాత మాగ్నమ్ రైఫిళ్లలో ఎక్కువగా 9, 9.5 ఉంటుంది. .270 వించెస్టర్ కథ కూడా ఇదే. 1925లో పుట్టి, జాక్ ఓకానర్ రాతల వల్ల అమెరికా అంతటా పేరు తెచ్చుకున్న ఈ తూటాకు 10 అంగుళాల మెలికే స్థిరపడింది. అందుకే దశాబ్దాల పాటు 150 గ్రెయిన్ల దగ్గరే ఆగిపోయింది. అదే వెడల్పు బ్యారెల్‌కు మెలిక బిగించి, 165 నుంచి 175 గ్రెయిన్ల బుల్లెట్లు పెట్టి 2021లో 6.8 వెస్టర్న్ అని కొత్త పేరుతో తెచ్చారు.

సొంతంగా చేయించుకునేవారికి దీనివల్ల ఒక సౌలభ్యం ఉంది. మెలిక ఎంతో, బుల్లెట్ ముందు ఛాంబర్‌లో ఎంత ఖాళీ వదలాలో చెప్పేది మీరే. 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్‌కే 8 అంగుళాల మెలికతో బ్యారెల్ చేయించి, ఛాంబర్ ముందు భాగాన్ని పొడవాటి బుల్లెట్‌కు తగ్గట్టు తొలిపిస్తే, కొత్త తూటా చేసే పనికి చాలా దగ్గరగా వస్తుంది. అయితే అప్పుడు తూటాలు మీరే ఇంట్లో నింపుకోవాలి. ఎందుకంటే దుకాణంలోని పెట్టెలు పాత ప్రామాణిక కొలతలకే తయారవుతాయి. మీ ఛాంబర్‌లో అవి పేలతాయి, గురి మాత్రం మీరు డబ్బు పోసిన స్థాయిలో ఉండకపోవచ్చు. సొంతంగా నింపుకునే ఓపిక, పరికరాలు లేనివారికి పీఆర్‌సీల వంటి కొత్త తూటాలే మేలు. వాటి పెట్టె తూటాలే పొడవాటి బుల్లెట్లతో వస్తాయి.

తన్ను గురించి మాట్లాడాలంటే మొహమాటపడేవారిని చాలామందిని చూశాను. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ భుజాన్ని తన్నే శక్తి సుమారు 12 ఫుట్‌-పౌండ్లు. 7 ఎంఎం పీఆర్‌సీది దానికి రెండింతలు దాటుతుంది. పెద్ద .300 మాగ్నమ్‌లది అంతకంటే ఎక్కువ. తన్నుకు భయపడే శరీరం ట్రిగ్గర్ నొక్కే క్షణంలో తెలియకుండానే బిగుసుకుంటుంది. ఆ బిగువు 500 గజాల దగ్గర అడుగుల తేడాగా మారుతుంది. మజిల్ బ్రేక్ పెడితే తన్ను తగ్గుతుంది గానీ చెవులు దెబ్బతినేంత చప్పుడు వస్తుంది. చాలా రాష్ట్రాల్లో వేటకు చప్పుడు తగ్గించే సప్రెసర్ వాడుకోవచ్చు కాబట్టి ఈ మధ్య దానివైపు మొగ్గుతున్నారు. అది బ్యారెల్ చివర మరి కొన్ని అంగుళాల పొడవు పెంచుతుంది. దానికి తగ్గట్టు బ్యారెల్‌నే పొట్టిగా చేయించుకుంటున్నారు, కొంత వేగం వదులుకుని. ఒక మధ్యాహ్నం అంతా వరసగా సాధన చెయ్యలేని తూటా మీకు పనికిరాదు, కాగితం మీద ఎంత గొప్పగా ఉన్నా సరే.

సాధన మాట వచ్చింది కాబట్టి బ్యారెల్ ఆయుష్షు కూడా చూడాలి. సన్నటి రంధ్రం గుండా ఎక్కువ మందు మండితే ఛాంబర్ ముందున్న ఉక్కు త్వరగా కరుగుతుంది. క్రీడ్‌మోర్ బ్యారెల్ రెండు వేల తూటాలకు పైగా నిలుస్తుందని పనివాళ్ల అంచనా. 28 నోస్లర్ లాంటి మందు ఎక్కువ తినే రకాలకు వెయ్యి దాటడమే కష్టం. పీఆర్‌సీలు, పాత మాగ్నమ్‌లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి.

ఇప్పుడు గాలి దగ్గరికి మళ్లీ రావాలి. వేటగాడు గాలిని అంచనా వెయ్యడంలో గంటకు 5 మైళ్లు పొరబడ్డాడనుకుందాం. లోయ మీదుగా కాల్చేటప్పుడు ఇది మామూలు సంగతి. తను నిలబడ్డచోట గాలి ఒకలా, లోయ నడుమ ఇంకోలా ఉంటుంది. 500 గజాల దగ్గర ఆ పొరపాటుకు క్రీడ్‌మోర్ ఏడున్నర అంగుళాలు తప్పుతుంది. 7 ఎంఎం పీఆర్‌సీ ఆరు అంగుళాల లోపు. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు అడుగుకు కాస్త అటూ ఇటూ వెడల్పు, అంటే నడిమధ్య నుంచి ఆరేసి అంగుళాలు. రెట్టింపు తన్ను భరించి, ఎక్కువ డబ్బు పోసి సంపాదించిన మేలు రెండంగుళాల లోపు. ఆ రెండంగుళాలు విలువైనవే, కాదనను. కానీ గాలిని 8 మైళ్లు తప్పుగా చదివితే రెండు తూటాలూ ఒకేలా జంతువును గాయపరుస్తాయి. పైగా బుల్లెట్ చేరడానికి అర సెకను పైనే పడుతుంది. ఆ లోపు ఎల్క్ ఒక్క అడుగు ముందుకేస్తే ఊపిరితిత్తులకు పెట్టిన గురి పొట్టలో తగులుతుంది. దీనికి ఏ తూటా దగ్గరా విరుగుడు లేదు. థియోడర్ రూజ్‌వెల్ట్ తదితరులు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, వేటగాడి నేర్పు స్థానాన్ని యంత్రం ఆక్రమిస్తే అది న్యాయమైన వేట కాదని దూరపు కాల్పులపై అభ్యంతరం చెబుతుంది. ఆ అభ్యంతరంలో బలముందని ఒప్పుకునే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణల వల్ల సరదా కోసం వేటాడటం నేరం. కాబట్టి ఈ ఎంపిక తెలుగువారిలో అమెరికాలో స్థిరపడ్డవారికే పనికొస్తుంది. వాళ్లు ముందు చట్టం చూసుకోవాలి. హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ తరగతి పూర్తి చేస్తేనే లైసెన్సు ఇస్తారు.

ఇక నా అభిప్రాయం. మీరు నిజంగా కాల్చేది 300 గజాల లోపే అయితే .308, .270, 1906 నాటి .30-06 ఏదైనా సరిపోతుంది. తూటాలు చిన్న ఊళ్లలోనూ దొరుకుతాయి. 2020, 2021లో అమెరికా అంతటా తూటాల కొరత వచ్చినప్పుడు ఈ సంగతి ఎంత ముఖ్యమో అందరికీ తెలిసింది. లేళ్లు, ప్రాంగ్‌హార్న్‌లే ప్రధానం, ఎప్పుడో ఒకసారి ఎల్క్ అనుకుంటే 6.5 పీఆర్‌సీ చక్కగా సరిపోతుంది. క్రీడ్‌మోర్‌లోని బుల్లెట్‌నే మరో 250 అడుగుల అదనపు వేగంతో పంపుతుంది. ఎల్క్ కోసమే, 500 గజాల వరకూ అంటే 7 ఎంఎం పీఆర్‌సీ. .30-06కు సరిపోయే మామూలు పొడవు యాక్షన్‌లోనే, అంటే బోల్ట్ కదిలే భాగంలోనే, ఇది ఇముడుతుంది. 300 పీఆర్‌సీకి ఇంకా పొడవైన మ్యాగజైన్ కావాలి, తన్నూ పెరుగుతుంది. అందులోని బుల్లెట్ అదనపు బరువు ఎల్క్‌కు అవసరమని నాకనిపించదు.

ఈ మూడు పీఆర్‌సీలకూ, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్‌కూ, .300 వించెస్టర్ మాగ్నమ్‌కూ తొడుగు అడుగుభాగం వెడల్పు ఒక్కటే, 0.532 అంగుళాలు. కాబట్టి పొడవు యాక్షన్‌ను ఆ వెడల్పు బోల్ట్‌తో చేయిస్తే, మొదటి బ్యారెల్ అరిగాక రెండోదాన్ని ఇంకో తూటాకు తొలిపించుకోవచ్చు. మ్యాగజైన్ పొడవు చాలుతుందో లేదో మాత్రం అప్పుడు చూసుకోవాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడు తూటా పేరుతో పాటు బుల్లెట్ పేరు, బరువు, కోరిన మెలిక రాసివ్వండి. సొంతంగా నింపుకునేవారైతే మందూ ప్రైమరూ లేకుండా, బుల్లెట్‌ను కావలసినంత లోతుకు దిగ్గొట్టిన నమూనా తూటా ఒకటి గన్‌స్మిత్‌కు పంపించండి. ఛాంబర్ ముందు ఎంత తొలవాలో అతను దాన్నిబట్టే నిర్ణయిస్తాడు.