తలుపు నంబరొకటే... గుమ్మాలు రెండు!

“వదినా, మళ్లీ ఆగిపోయింది!”

రాత్రి పదకొండున్నర. కింది గదిలోంచి మా మరిది కేక. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి కింది గదే అతని ఎడిటింగ్ రూము. తెల్లారేసరికి ట్రైలర్ ఇచ్చెయ్యాలి. షూటింగ్ చేసిందంతా దాచిన స్టోరేజీ పెట్టె కంప్యూటర్‌కి కాసేపు కనిపిస్తుంది, కాసేపు మాయమవుతుంది. ఈసారి మాట తప్పితే ఇంకో సినిమా రాదని అతని బెంగ. కేబుల్ మార్చాడు. లాభం లేదు.

నాకప్పుడు తట్టింది. సాయంత్రం దాకా బాగానే ఉంది. పాప స్కూలు ప్రాజెక్టు కోసం ప్రింటర్ ఆన్ చేశాకే ఈ గొడవ. వెళ్లి ప్రింటర్ తీగ పీకాను. పెట్టె కనిపించింది!

ఎందుకలా? జూబ్లీహిల్స్‌లో ఇల్లు వెతికినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 8-2-293/82 అని మొదలయ్యే నంబర్లు ఇక్కడ కొల్లలు. ఆ తర్వాతి ‘బై’ తప్పితే కొరియర్ అబ్బాయి కొండంతా తిరగాల్సిందే.

ఈథర్‌నెట్ తీగకు తగిలించే పరికరానికి రెండు గుర్తులుంటాయి. ఒకటి మ్యాక్ అడ్రస్. ఫ్యాక్టరీలోనే వేసే పుట్టుమచ్చ. మొత్తం ఆరు జతలు. మామూలుగా మొదటి మూడూ తయారుచేసిన కంపెనీవి, మిగతా మూడూ ఆ పరికరానివి. రెండోది ఐపీ అడ్రస్. ఇది అద్దింటి నంబరు, మారుతుంటుంది. చుక్కల మధ్య నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలి వాడకానికే. పక్కింట్లో అదే నంబరున్నా పేచీ లేదు. ఒకే ఇంట్లో రెండింటికుంటేనే తంటా.

మా ఇంట్లో జరిగిందదే. “192.168.1.20 ఎవరు?” అని కంప్యూటర్ కేకేస్తే పెట్టె “నేనే” అంది, ప్రింటరూ “నేనే” అంది. పెట్టెకి వెళ్లాల్సిన కబురు ప్రింటర్ గుమ్మంలో పడింది! ప్రింటర్ బిగించినతను, ఆ నంబరు అప్పటికే వాడుకలో ఉందో లేదో చూడకుండా చేత్తో వేసి వెళ్లాడు.

నిజానికి నంబర్లు పంచే పని రౌటర్‌ది. ఆ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. విడిదింట్లో గదులు పంచే పెళ్లిపెద్దలాగా అన్నమాట.

మీరూ గుర్తుంచుకోండి:

* నంబర్లు రౌటర్‌నే ఇవ్వనివ్వండి. ఏ పరికరానికైనా ఎప్పుడూ ఒకే నంబరు ఉండాలంటే, దాని మ్యాక్ అడ్రస్‌తో రౌటర్‌లోనే రిజర్వ్ చేయించండి.

* ఎవరైనా చేత్తో నంబరు వేస్తే, పాల లెక్క పుస్తకంలోనైనా సరే, రాసి పెట్టుకోండి.

* కనెక్షన్ వస్తూ పోతూ ఉంటే, కొత్తగా ఏది ఆన్ చేశారో ముందు గుర్తు తెచ్చుకోండి.

తెల్లవారుజామున నాలుగింటికి ట్రైలర్ వెళ్లింది. “టైటిల్స్‌లో మీ పేరెయ్యమంటారా వదినా?” అన్నాడు మా మరిది.

“ముందా కాఫీ గ్లాసులు కడుగు నాయనా!” అన్నాను.