బియ్యపు ఓడలు ఆగిన ఏడు

భావనపాడు వంటి తీర గ్రామాలలో వల వేసే ఇంటికి బియ్యము కొనక తప్పదు. కనుక ధర పెరిగితే ఆ సెగ ముందుగా తగిలేది అక్కడి తల్లులకే. ధరల మాట వచ్చినప్పుడెల్లా మేము 1942ను తలచుకుంటాము.

ఆనాడు ఈ ప్రాంతము విశాఖపట్నం జిల్లాలోనిది. మనవారు ఎందరో కూలికి రంగూను వెళ్లేవారు. అక్కడి బియ్యము ఇక్కడికి వచ్చేది. బర్మా నుండి దేశానికి ఏటా సుమారు 15 లక్షల టన్నులు! 1942 మార్చి 8న రంగూను జపాను వశమైంది. ఓడలు ఆగిపోయాయి. మనుషులు మాత్రము అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి.

ప్రభుత్వము మొదట ధరల మీదే కన్నువేసింది. ఇంతకు మించి అమ్మరాదన్నది. ఏమైంది? సరుకు అంగడి విడిచి నల్లబజారు చేరింది. కాగితము మీద ధర తక్కువే, కొనబోతే గింజ లేదు. 1943లో థియోడోర్ గ్రెగరీ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, ధాన్యమును ప్రభుత్వమే సేకరించి పెద్ద పట్టణాలలో రేషను ఇవ్వాలని సూచించింది. పట్టణము సరే, పల్లె మాటేమిటి? ఆ ఏడే బెంగాలు పల్లెలలో లక్షలాదిమంది ఆకలితో మరణించారు.

2022లో ఉక్రెయిన్ యుద్ధము వలన పొద్దుతిరుగుడు నూనె ప్రియమైనప్పుడు, కేంద్రము నిల్వలనే పట్టుకున్నది: చిల్లర అంగడికి 30 క్వింటాళ్లు, టోకు వ్యాపారికి 500. అంతకు మించి దాచరాదు.