పురుగుమందులు – మగవారి సంతానశక్తి – ఖనిజ లవణాలు

పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు కలగకపోతే ఊళ్ళో అందరూ వేలెత్తి చూపేది ఇల్లాలినే. లోపం మగవానిలోనూ ఉండవచ్చు. దానికి మన చేతులారా చల్లే మందు కూడా ఒక కారణం కావచ్చును. ఈ సంగతి మాట్లాడటానికి బిడియపడితే నష్టం మనకే.

కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై ఎండోసల్ఫాన్ మందును 20 ఏళ్ళకు పైగా హెలికాప్టరుతో చల్లారు. అక్కడి మగపిల్లలను, మందు తగలని ఊరి పిల్లలతో పోల్చి పరీక్షించిన ఫలితాలు 2003లో వెలువడినాయి. మందు తగిలిన పిల్లలకు యవ్వన లక్షణాలు ఆలస్యంగా వచ్చాయి. మగతనాన్నిచ్చే టెస్టోస్టిరాన్ హార్మోను తక్కువగా ఉంది. మన పత్తి చేలలోనూ ఒకప్పుడు విరివిగా వాడిన మందే అది. 2011లో సుప్రీంకోర్టు దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది.

ఇటువంటి మందులు రెండు విధాల చెరుపు చేస్తాయి. ఒకటి, హార్మోన్ల పని తారుమారు చేస్తాయి. రెండు, వీర్యకణాలకు తుప్పు పట్టిస్తాయి. వీర్యకణం పైపొరలో కొవ్వు ఎక్కువ. నిలవనూనె గాలి సోకి చెడినట్లే, ఆ పొర కూడా చెడుతుంది. దీన్ని అడ్డుకొనే రసాయనాల తయారీకి జింకు, సెలీనియం అనే ఖనిజాలు కావాలి. ఎలుకలపై చేసిన ప్రయోగాలలో ఇవి ఇచ్చినప్పుడు మందుల చెరుపు కొంత తగ్గింది.

మగవానికి రోజుకు 17 మిల్లీగ్రాముల జింకు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. నువ్వులు, గుమ్మడి గింజలు, పప్పులు, గుడ్లు, మాంసంలో జింకు ఉంటుంది. శనగలు, పెసలు నానబెట్టి మొలకెత్తించి తింటే అది ఒంటికి బాగా పడుతుంది. చేపలు, గుడ్లలో సెలీనియం దొరుకుతుంది.

అయితే బిళ్ళలు మింగితే చాలునా? చాలదు. అమెరికాలో 2,370 జంటలపై జరిపిన పరీక్షలో మగవారికి ఆరు నెలలు జింకు, ఫోలిక్ ఆమ్లం ఇచ్చినా వీర్యం మెరుగుపడలేదు, కాన్పులూ పెరగలేదు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. సెలీనియం మితిమీరితే జుట్టు, గోళ్ళు ఊడిపోతాయి. కనుక డాక్టరు చెప్పనిదే బిళ్ళలు వాడవద్దు.

అసలు రక్షణ మందు ఒంటికి తగలకుండా చూసుకోవడమే. పారాథియాన్ మందుతో 1971లో పరీక్షించగా, వృషణాల చర్మం ముంజేతి చర్మం కంటే సుమారు 12 రెట్లు ఎక్కువ పీల్చుకొన్నట్లు తేలింది. వీపు మీది స్ప్రేయరు కారితే మందు నడుము దిగి పంచెను తడుపుతుంది. అందుచేత కారే డబ్బాను బాగుచేయించాకనే భుజానికి ఎత్తండి. చేతులకు తొడుగులు, నిండు దుస్తులు వేసుకోండి. గాలికి ఎదురుగా చల్లకండి. పని కాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజు తీసుకొన్న జాగ్రత్త ఫలితం మూడో నెలకు గాని తెలియదు. పిల్లలు ఆలస్యమైతే భార్యాభర్తలిద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళండి. పరీక్ష మగవాడు కూడా చేయించుకోవాలి.