గోడలూ వైద్యం చేస్తాయి!

కిటికీలోంచి చెట్టు కనిపిస్తే నొప్పి తగ్గుతుందా? గదిలో గాలి ఎటు వీస్తుందన్న దాని మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుందా? ఉంటుందనే అంటున్నారు ఆసుపత్రులు కట్టేవాళ్లు. ఎడారి దేశాల్లో లేచిన కొత్త తరం దవాఖానాల కథ ఇది. సిమెంటు కలిపే మేస్త్రీ నుంచి ఏసీ డక్టు బిగించే టెక్నీషియన్ దాకా... మనవాళ్ల పనికి ఉన్న విలువ కథ కూడా!

తెలంగాణ పల్లెల్లో దవాఖాన. కోస్తాలో, సీమలో పెద్దాసుపత్రి. గల్ఫ్‌కు వచ్చాక ముస్తష్ఫా. పేరేదైనా తలచుకోగానే గుర్తొచ్చేది ఒకటే... ఫినాయిల్ వాసన, వెలిసిపోయిన గోడలు, బెంచీ మీద గంటల తరబడి ఎదురుచూపులు. ఊళ్లో అయితే పక్కన అమ్మో, అన్నో, ఇంటావిడో ఉంటారు. జావ కాచి తెస్తారు. నిద్ర పట్టకపోతే కబుర్లు చెబుతారు. మరి పరాయి దేశంలో మంచాన పడితే? రూమ్మేటు డ్యూటీ మానుకుని ఎన్నాళ్లని వస్తాడు! రాత్రంతా తోడుండేది ఆ గది, ఆ మంచం, ఆ కిటికీ... అంతే.

అందుకే ఆ గది ఎలా ఉందన్నది చిన్న విషయం కాదు. మందు రోగాన్ని తగ్గిస్తే, మంచి భవనం ఆ మందుకు సాయం చేస్తుంది. చెడ్డ భవనం లేని రోగాన్ని కూడా అంటగడుతుంది. ఈ మాట ఊరికే అంటున్నది కాదు. లెక్కలున్నాయి.

చెట్టు చేసిన వైద్యం

రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఓ ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మందిని తీసుకున్నారు. వయసు, ఆరోగ్యం వంటివి చూసి జంటలుగా విడదీశారు. 23 మంది గదుల కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి. మిగతా 23 మందికి కనిపించేది ఇటుక గోడ. అదే ఆసుపత్రి, అదే ఆపరేషన్. తేడా కిటికీ ఒక్కటే!

ఫలితం 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చెట్లు కనిపించినవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులకు ఇంటికెళితే, గోడను చూస్తూ పడుకున్నవాళ్లకు 8.70 రోజులు పట్టింది. మొదటివాళ్లు ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువే వాడారు. 46 మందితో చేసిన చిన్న పరిశీలనే. కానీ ఆసుపత్రుల డిజైన్‌ను మలుపు తిప్పింది. తోట, వెలుతురు, నిశ్శబ్దం... ఇవి షోకు కోసం కాదు, వైద్యంలో భాగమేనన్న ఆలోచన అక్కడినుంచే ఊపందుకుంది.

అరబ్బు నేలకు కొత్తేం కాదు

నిజానికి ఈ ఆలోచన అమెరికాలో పుట్టిందేం కాదు. మధ్యయుగాల్లోనే అరబ్బు నగరాల్లో ‘బీమారిస్తాన్’లు ఉండేవి. బీమార్ అంటే జబ్బు పడ్డవాడు అని మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణలో ఇప్పటికీ బీమారి అంటారు కదా! కైరోలో సుల్తాన్ కలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్ చాలా పేరు మోసింది. జబ్బును బట్టి వేర్వేరు విభాగాలు, మధ్యలో తెరిచిన ముంగిలి, పారే నీళ్లు. అన్నిటికన్నా గొప్ప సంగతి దాని దానపత్రంలో ఉంది. పేద, ధనిక తేడా చూడకూడదు. ఊరివాడా, పరదేశా అని కూడా చూడకూడదు. వచ్చినవాడికి వైద్యం చేయాల్సిందే!

మన దగ్గరా ఇలాంటి ఆనవాళ్లున్నాయి. క్షయకు మందు లేని కాలంలో మదనపల్లె దగ్గర 1915లో ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి అది మూడు దశాబ్దాల ముందు మాట. అప్పట్లో వైద్యమంటే మంచి గాలి, ఎండ, విశ్రాంతి, తిండి. అందుకే చల్లటి ఎత్తు ప్రదేశాన్ని ఎంచుకున్నారు.

అదే క్షయ కోసం ఫిన్లాండ్‌లోని పైమియోలో ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు కట్టిన శానిటోరియం 1933లో పూర్తయింది. ఆయన ఆలోచన వినండి. రోగి రోజంతా చూసేది గోడను కాదు, పైకప్పును. కాబట్టి పైకప్పుకు కళ్లకు హాయినిచ్చే రంగు వేయించారు. లైటు నేరుగా కళ్లలో పడకుండా అమర్చారు. ఒకరు చేతులు కడుక్కుంటుంటే పక్కవాడికి నిద్ర చెడకూడదని చప్పుడు చేయని వాష్‌బేసిన్ తయారు చేయించారు. పడుకున్నవాడి కళ్లతో చూసి కట్టడమంటే అదీ!

ఎడారిలో తోటలు

ఇక మన కళ్ల ముందున్న వాటి సంగతి చూద్దాం. దోహాలోని ఎడ్యుకేషన్ సిటీలో ఉన్న సిద్రా మెడిసిన్ మహిళలు, పిల్లల ఆసుపత్రి. సీజర్ పెల్లీ సంస్థ డిజైన్ చేసింది. 2016లో ఔట్ పేషెంట్ సేవలు, 2018లో ఇన్ పేషెంట్ సేవలు మొదలయ్యాయి. లోపల ఎత్తయిన గాజు ప్రాంగణాలు, తోటలు, ఎవరి గది వారికే. బయట 14 భారీ కంచు శిల్పాలు కనిపిస్తాయి. తల్లి కడుపులో బిడ్డ ఎలా పెరుగుతుందో, పుట్టుక దాకా వరుసగా చూపిస్తాయి. చేసింది బ్రిటిష్ శిల్పి డేమియన్ హర్స్ట్.

అబుదాబిలోని అల్ మర్యా దీవిలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ 2015లో తెరుచుకుంది. 364 పడకలతో మొదలైంది. ఎడారి ఎండను తట్టుకోవడానికి భవనానికి రెండు పొరల గాజు తొడుగు వేశారు. వెలుతురు లోపలికి రావాలి, వేడి రాకూడదు... అదీ లెక్క.

అన్ని చోట్లా గాజు, ఏసీయే మార్గం అనుకోకండి. సింగపూర్‌లో 2010లో ప్రారంభమైన ఖూ టెక్ పువాట్ ఆసుపత్రిని యిషున్ చెరువు ఒడ్డున కట్టారు. ప్రభుత్వ రాయితీతో నడిచే వార్డుల్లోకి గాలి సహజంగా వచ్చేలా భవనాన్ని మలిచారు. గాలిని లోపలికి మళ్లించడానికి గోడలకు రెక్కల్లాంటివి పెట్టారు. మేడ మీద కూరగాయల తోట కూడా ఉంది. డబ్బున్నవాడికే పచ్చదనం అన్న రూలేమీ లేదని ఈ ఆసుపత్రి చూపించింది.

కనిపించని ఇంజినీరింగ్

తోట, శిల్పం అందరికీ కనిపిస్తాయి. ప్రాణం నిలబెట్టేవి మాత్రం ఫాల్స్ సీలింగ్ పైన, గోడ లోపల దాక్కుని ఉంటాయి. అక్కడే మనవాళ్ల పని!

గాలినే తీసుకోండి. క్షయ లాంటి గాలి ద్వారా వ్యాపించే జబ్బున్నవాళ్ల గదిలో గాలి ఒత్తిడి బయటకంటే తక్కువగా ఉంచుతారు. తలుపు తీస్తే గాలి లోపలికే వెళుతుంది తప్ప బయటికి రాదు. గంటకు 12 సార్లు గాలి మారాలన్నది అమెరికా ప్రమాణం. ఆపరేషన్ థియేటర్‌లో దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ ఒత్తిడి ఎక్కువ ఉండాలి, బయటి దుమ్ము లోపలికి దూరకూడదు. గంటకు 20 సార్లు గాలి మారాలి. కీలకమైన చోట్ల వాడే హెపా ఫిల్టరు మైక్రాన్‌లో మూడో వంతు కూడా లేని కణాలను సైతం 99.97 శాతం ఆపేస్తుంది.

ఇంత లెక్క వేసి కట్టిన గదిలో ఎవరో ఒక కేబుల్ లాగడానికి సీలింగ్ పైన గోడకు కన్నం పెట్టి పూడ్చకుండా వదిలేశారనుకోండి. కింది నుంచి చూస్తే ఏమీ కనిపించదు. కానీ ఆ కన్నంలోంచి గాలి కారిపోతుంది, ఒత్తిడి నిలవదు. లక్షల దిర్హాముల మెషీన్ చేయాల్సిన పని ఒక్క కన్నంతో పాడవుతుంది. సిలికాన్ గన్ పట్టుకుని ఆ కన్నం పూడ్చినవాడు ఎవరి ప్రాణాన్నో కాపాడినట్టే.

దుమ్ము సంగతీ అంతే. నడుస్తున్న ఆసుపత్రిలో గోడ పగలగొట్టేటప్పుడు చుట్టూ ప్లాస్టిక్ షీటు కట్టమని, కాళ్లు తుడుచుకునే జిగురు మ్యాటు మీదుగానే రమ్మని ఫోర్‌మన్ గొడవ చేస్తాడు. చాదస్తం అనిపిస్తుంది. కానీ పాత గోడల దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండొచ్చు. మనలాంటి గట్టివాళ్లకు ఏమీ కాదు. బ్లడ్ క్యాన్సర్‌తో రోగనిరోధక శక్తి పోయిన పేషెంట్ ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాలే తీస్తుంది.

ప్లంబర్లకూ ఒక మాట. వాడకుండా వదిలేసిన పైపు ముక్కలో నీళ్లు నిలిచిపోతే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలోని ఓ హోటల్లో జబ్బు చెలరేగి పలువురు చనిపోయాకే దీని సంగతి లోకానికి తెలిసింది. గోరువెచ్చని నీళ్లంటే దానికి పండగ. అందుకే నిల్వ ఉంచే వేడినీళ్లు కనీసం 60 డిగ్రీలు, చన్నీళ్లు 20 డిగ్రీల లోపు ఉంచమంటారు. ఎండకు ట్యాంకులు కాగిపోయే ఈ దేశాల్లో ఆ రెండో మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మేడ మీద పనిచేసేవాళ్లకే తెలుసు.

ఇంకా చాలా ఉన్నాయి. ఎంఆర్ఐ గదికి బయటి రేడియో తరంగాలు దూరకుండా చుట్టూ రాగి కవచం వేస్తారు. ఎక్స్‌రే గదికి సీసం రేకు. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే గదికి మీటరున్నర, రెండు మీటర్ల మందం కాంక్రీటు గోడ. మంచానికి, బాత్రూంకి మధ్య పట్టుకుని నడిచేందుకు గోడకు కమ్మీ ఉండాలి. ఆసుపత్రుల్లో పేషెంట్లు జారిపడేది ఎక్కువగా ఆ నాలుగడుగుల దూరంలోనే. చప్పుడుకూ లెక్కుంది. రాత్రిళ్లు వార్డులో 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. అంటే గుసగుసకు మించకూడదన్నమాట!

కట్టడంతో అయిపోదు

హైదరాబాద్‌లో విన్సెంట్ ఎష్ డిజైన్ చేసిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం గుర్తుందా? మందపాటి గోడలు, ఎత్తయిన పైకప్పులు, గుమ్మటాలు. ఏసీలు లేని రోజుల్లో వేడిని తట్టుకునేలా కట్టిన భవనం. కానీ ఏళ్ల తరబడి సరైన మరమ్మతు లేక శిథిలమైంది. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాయి, మంచాల కిందే నీళ్లు. తర్వాత ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కట్టిన తాపీ మేస్త్రీతో పాటు రోజూ ఫిల్టరు మార్చేవాడు, డ్రైనేజీ చూసేవాడు, నేల తుడిచేవాడు ఉంటేనే అది ఆసుపత్రి. లేకపోతే ఉత్త గోడలు!

తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?

ఇక అసలు ప్రశ్న. ఇంత గొప్పగా కట్టిన దవాఖానలో కట్టినవాడికి మంచం దొరుకుతుందా? జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. కువైట్‌లో 1,168 పడకల జాబెర్ ఆసుపత్రిని 2018లో తెరిచినప్పుడు అది స్వదేశీయులకే అన్నారు. అదే ఏడాది దోహా ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర ప్రారంభమైన హజ్మ్ మెబైరీక్ జనరల్ ఆసుపత్రి ముఖ్యంగా అక్కడి మగ కార్మికుల కోసం కట్టింది. 2020 కరోనా కాలంలో ఎందరికో అదే ఆసరా అయింది. క్యాంపులకు దగ్గరగా ఉండడం కూడా డిజైనే! ఎంత మంచి ఆసుపత్రయినా డ్యూటీ అయ్యాక రెండు బస్సులు మారి వెళ్లాలంటే చాలామంది వెళ్లరు. ఇవాళ రేపు అంటూ జ్వరాన్ని మాత్రలతో నెట్టుకొస్తారు. చివరికి అంబులెన్సులో వెళ్లాల్సి వస్తుంది.

చదువు రానివాడికి దారి తెలియడం కూడా డిజైనే. అరబ్బీ, ఇంగ్లీషు బోర్డులు ఎన్ని పెట్టినా చదవలేనివాడికి ఉపయోగం లేదు. నేల మీద రంగు గీత, గుండె బొమ్మ, ఎముక బొమ్మ ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. తల దించుకోనక్కర్లేదు.

కైరో సుల్తాను రాయించిన మాటను మళ్లీ గుర్తు చేసుకోవాలి. ఊరివాడా, పరదేశా అని చూడకూడదు! ఏడు వందల ఏళ్లు దాటినా ఆసుపత్రి డిజైన్‌లో అంతకు మించిన టెక్నాలజీ రాలేదు. కిటికీలు, ఫిల్టర్లు, గాజు గోడలు అన్నీ దాని తర్వాతే. ఆ తలుపు ఎక్కడెక్కడ మనకు తెరిచి ఉందో తెలుసుకుని, ఆలస్యం చేయకుండా లోపలికి అడుగు పెట్టడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

జేబులో ఉంచుకోండి

* అంబులెన్స్ నంబర్లు: ఖతార్ 999, యూఏఈ 998, సౌదీ 997, కువైట్ 112, ఒమన్ 9999, బహ్రెయిన్ 999.

* హెల్త్ కార్డు లేదా ఇన్సూరెన్స్ కార్డు, గుర్తింపు కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోండి. రెండింటికీ ఫోటో తీసి రూమ్మేటు ఫోన్‌లో కూడా పెట్టండి.

* వాడుతున్న మందుల పేర్లు, ఏ మందు పడదో ఇంగ్లీషులో రాయించి పర్సులో పెట్టుకోండి.

* ఆసుపత్రిలో చేరితే భాష తెలిసినవాళ్లు ఉన్నారేమో అడగండి. తెలుగు లేకపోయినా హిందీ, ఉర్దూ వచ్చినవాళ్లు దొరకొచ్చు.

* కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంటే ఇమ్మని అడగండి. మొహమాటపడొద్దు. అది కూడా మందే!