ఇంజను లేని విమానం

వేసవిలో పగలు పది పదకొండు గంటల వేళ జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటేవారికి ఒక దృశ్యం కనబడుతూ ఉంటుంది. ఏరు ఒక పక్కకు ఒదిగి పారుతూ ఉంటుంది. తక్కిన మేరంతా ఇసుక మేటలే. ఆ ఇసుకకు పైన ఆకాశంలో గ్రద్దలు రెక్కలు చాచి, ఒక్కసారి కూడా ఆడించకుండా, గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. చూస్తూ ఉండగానే అవి పైపైకి పోయి చుక్కలంత అవుతాయి. రెక్క ఆడించని పక్షి పైకి ఎట్లా పోగలుగుతున్నది? ఆ శక్తి దానికి ఎక్కడి నుండి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకున్న మానవుడు ఇంజను లేని విమానంలో కూర్చుండి, గ్రద్ద వలెనే గంటల తరబడి ఆకాశంలో విహరిస్తున్నాడు. ఆ విమానం పేరు గ్లైడరు. దానిని నడపడం అనేక దేశాలలో ఒక వినోదం, ఒక క్రీడ. అంతకు మించి, అది గాలిని చదవడం నేర్పే విద్య.

ఎత్తే ఇంధనం

గ్లైడరు తనంత తాను నేల విడిచి లేవలేదు. పొడవైన తీగను వేగంగా చుట్టే యంత్రంతో లాగి గాని, ఇంజను గల చిన్న విమానానికి తాడుతో కట్టి గాని దానిని పైకి చేరుస్తారు. తాడు విడిచిన తరువాత దానికి మిగిలే ఆస్తి ఎత్తు ఒక్కటే.

ఏటిగట్టు వాలు మీద సైకిలు తొక్కకుండానే దిగువకు దొర్లిపోతుంది. గ్లైడరు కూడా గాలిలో అట్లే ఒక వాలు వెంట జారుతుంది. దాని స్థితిజ శక్తి కొంచెం కొంచెంగా ఖర్చవుతూ, గాలి నిరోధానికి ఎదురుగా దాని వేగాన్ని నిలుపుతుంది. ఆ వేగం వలన రెక్కల చుట్టూ ప్రవహించే గాలి ఉత్థాపక బలాన్ని కలిగిస్తుంది.

ఒక మీటరు దిగే లోపల గ్లైడరు ఎన్ని మీటర్లు ముందుకు పోతుందో ఆ సంఖ్యను జారుడు నిష్పత్తి అనవచ్చును. శిక్షణకు వాడిన పాత కొయ్య గ్లైడర్లకు ఇది 20 పైచిలుకు. నేటి పోటీ గ్లైడర్లలో మేలైన వాటికి 50 దాటుతుంది. రెక్క కొస దగ్గర గాలి సుడి తిరగడం వలన కొంత శక్తి వృథా అవుతుంది. రెక్క పొడవుగా, సన్నగా ఉంటే ఈ నష్టం తక్కువ. గ్లైడరు రెక్కలు అంత పొడవుగా ఉండడానికి కారణం ఇదే.

నిష్పత్తి 20 గల గ్లైడరు ఒకటి జొన్నాడ పైన ఒక కిలోమీటరు ఎత్తున ఉన్నదనుకుంటే, నిశ్చలమైన గాలిలో అది 20 కిలోమీటర్లు పోయి నేలకు దిగుతుంది, రాజమహేంద్రవరం చేరలేదు. దాని వేగం గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లు అయితే, అది సెకనుకు ఒక మీటరు చొప్పున కిందికి దిగుతుంది. 1000 సెకనులలో, అంటే 17 నిమిషాల లోపే, ప్రయాణం ముగియాలి. మరి గంటల తరబడి ఎగరడం ఎట్లా సాధ్యం?

వేడిగాలి బుగ్గలు

నీటి విశిష్టోష్ణం ఇసుక విశిష్టోష్ణానికి సుమారు 5 రెట్లు. పైగా నీటికి తగిలిన ఎండలో కొంత భాగం ఆవిరిని పుట్టించడానికే సరిపోతుంది. అందువలన ఒకే ఎండలో ఏటి నీరు చల్లగా ఉండగానే ఇసుక మేట కాలు పెట్టనీయదు. మేటను అంటుకొని ఉన్న గాలి వేడెక్కి, వ్యాకోచించి, చుట్టుపక్కల గాలి కంటె తేలిక అవుతుంది. నేలలో నుండి నీటి బుగ్గ ఊరినట్లు, ఆ వేడిగాలి పైకి పొంగుతుంది. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గి, ఆ గాలి మరల వ్యాకోచించి, ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ సెంటీగ్రేడు చొప్పున చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి కంటె వెచ్చగా ఉన్నంతవరకు దాని ప్రయాణం సాగుతుంది. తగినంత తేమ ఉంటే, ఆ బుగ్గ కొసన దూదిపింజ వంటి మేఘం ఏర్పడుతుంది.

గ్రద్ద ఎక్కి కూర్చున్నది ఈ బుగ్గ మీదనే. అది కూడా గాలిలో కిందికే జారుతున్నది. కాని గాలి అంతకంటె వేగంగా పైకి లేస్తున్నది. పైన చెప్పిన గ్లైడరు సెకనుకు 3 మీటర్ల చొప్పున లేచే గాలిలో ప్రవేశిస్తే, తాను దిగే ఒక మీటరు పోగా, సెకనుకు 2 మీటర్లు పైకి పోతుంది. పది నిమిషాలలో 1200 మీటర్లు లాభం! బుగ్గ ఇరుకు కనుక గ్రద్ద వలెనే గ్లైడరూ వలయాలు తిరగక తప్పదు.

గాలి కంటికి కనబడదు. అందుచేత గ్లైడరులో ఆరోహణ సూచిక ఒకటి ఉంటుంది. గాలి నిండిన ఒక సీసాను సన్నని దారి ద్వారా బయటి గాలితో కలుపుతారు. గ్లైడరు పైకి పోతే బయటి పీడనం తగ్గి, సీసాలోని గాలి బయటికి వస్తుంది. కిందికి దిగితే లోపలికి పోతుంది. ఆ ప్రవాహమే ముల్లును కదుపుతుంది. ఇంత సున్నితమైన పరికరం పక్కనే, ముందరి అద్దం మీద ఒక ఊలు దారం అతికించి ఉంటుంది. దారం తిన్నగా వెనుకకు ఉంటే గ్లైడరు గాలికి సూటిగా పోతున్నదని అర్థం.

డెల్టాలో ఈ బుగ్గలు మెట్ట ప్రాంతాలలో వలె బలంగా ఉండవు. కాలువలు, వరి చేలు, కొబ్బరి తోటలు నేలను చల్లగా ఉంచుతాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లోనికి వస్తే ఉన్న బుగ్గలు కూడా చాలావరకు అణగిపోతాయి. పైగా ఎత్తు కరిగిపోయిన గ్లైడరు దిగడానికి కొబ్బరి తోట పనికిరాదు. విశాలమైన బయలు నేల కావాలి. దక్కను పీఠభూమి ఇందుకు ఎక్కువ అనుకూలం.

అశ్వని నుండి ఆరుద్ర వరకు

ఇంజను విమానం కంటె గ్లైడరే ముందు పుట్టింది. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1891 నుండి గుట్టల మీది నుండి దాదాపు 2000 సార్లు ఎగిరి, కొలతలు వ్రాసి పెట్టాడు. 1896 ఆగస్టు 9న అతని గ్లైడరు కూలిపోయింది. మరునాడు అతడు మరణించాడు. ఆ కొలతలు చదివిన రైట్ సోదరులు 1900 నుండి 1902 వరకు గ్లైడర్ల మీద సాధన చేసిన తరువాతనే, 1903లో ఇంజను బిగించారు. నేడు ఈ విద్య ఎంత దూరం వచ్చినదో రెండు అంకెలు చెబుతాయి. 2003లో క్లాస్ ఓల్‌మన్ అర్జెంటీనాలో ఆండీస్ పర్వతాల మీద లేచే గాలి అలలను పట్టుకొని 3000 కిలోమీటర్లు దాటాడు. 2018లో అక్కడనే పెర్లాన్-2 అనే గ్లైడరు 22 కిలోమీటర్లకు మించిన ఎత్తు చేరింది.

భారతదేశంలో పౌర విమానయాన శాఖ పూణె సమీపాన హడప్సరులో గ్లైడింగు కేంద్రం నడిపింది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలోని విద్యార్థులకు చాలాకాలం మొదటి ఆకాశయానం గ్లైడరులోనే జరిగేది. ఆ శాఖ సాంకేతిక కేంద్రంలో ఎస్. రామామృతం రూపకల్పన చేసిన అశ్వని 1958లో, రోహిణి 1961లో మొదట ఎగిరాయి. రోహిణిలో గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. 1963లో కార్తిక్, తరువాతి సంవత్సరాలలో మృగశిర, ఆరుద్ర వచ్చాయి. ఈ పేర్లు తెలుగు రైతుకు కొత్త కావు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. రోళ్లు పగిలే ఎండే గ్లైడరుకు మెట్లు కడుతుంది.

గదిలో ఆకాశం

విమానాశ్రయం దగ్గర లేనివారికి నేడు మరొక దారి ఉన్నది. అది అనుకరణ యంత్రం, అనగా సిమ్యులేటరు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తన తండ్రి ఆర్గను వాద్యాల కర్మాగారంలోని తిత్తులనే వాడి, పెట్టెలో కూర్చున్నవాడు ఎగురుతున్నట్లు ఊగే యంత్రం చేశాడు. హార్మోనియం తిత్తి ఎరిగినవారికి దాని పని సులభంగా ఊహకు అందుతుంది. ఇప్పుడు తిత్తుల పని కంప్యూటరులోని సమీకరణాలు చేస్తున్నాయి. 2005లో వెలువడిన కాండర్ అనే ప్రోగ్రాము గ్లైడర్ల కొరకే తయారైనది. అందులో ఎండ, నేల స్వభావం, గాలి దిశలను బట్టి బుగ్గలు పుడతాయి, అణగిపోతాయి. వలయాన్ని బుగ్గ నడిమికి జరపడం, ఎత్తును లెక్క కట్టుకొని దిగుచోటుకు చేరడం ఇంటి దగ్గరనే సాధన చేయవచ్చును.

కాని గ్లైడరు బుగ్గలో ప్రవేశించినప్పుడు పీట కింది నుండి నెట్టినట్లు శరీరానికి తెలిసే స్పర్శను మామూలు కంప్యూటరు ఇవ్వలేదు. తెర ముందు అలవాటుపడినవాడు కిటికీ బయటికి చూడడం మాని ముల్లులనే చూసే ప్రమాదం కూడా ఉన్నది. అన్నిటికంటె పెద్ద తేడా, తెర మీద కూలిన గ్లైడరు మీట నొక్కితే మరల లేస్తుంది. నిజమైన ఆకాశంలో ప్రతి దిగుడూ ఒక్కసారే.

వినోదం ప్రాణం నిలిపిన రోజు

1983 జూలై 23న కెనడాలో 69 మందితో పోతున్న బోయింగ్ 767 విమానానికి 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. లీటరు ఇంధనం బరువు సుమారు 0.8 కిలోగ్రాములు. లెక్కలో పౌనులకు చెందిన 1.77 అనే సంఖ్యను వాడి, ఫలితాన్ని కిలోగ్రాములని భావించారు. దానితో కావలసినదానిలో సగం కూడా నింపలేదు. రెండు ఇంజనులూ ఆగిన ఆ విమానం ఒక మహా గ్లైడరు అయింది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉన్నది. గిమ్లి అనే చోట పాత రన్‌వే దగ్గరకు వచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది. అప్పుడు ఆయన రెక్కను ఒక వైపుకు వంచి, చుక్కానిని ఎదురు వైపుకు తొక్కి, విమానం పక్క భాగాన్ని గాలికి ఒడ్డాడు. నిరోధం పెరిగి, వేగం పెరగకుండానే ఎత్తు తగ్గింది. ఇది గ్లైడరు చోదకులు ఎరిగిన ఉపాయం. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ప్రమాణం వ్రాయని అంకె ఎంత పని చేస్తుందో తరగతిలో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

విద్యార్థులు చేయదగిన పని

గాలి రాని గదిలో రెండు మీటర్ల ఎత్తు నుండి కాగితపు గ్లైడరును మెల్లగా, నేలకు సమాంతరంగా విడవాలి. అది పోయిన దూరాన్ని రెండుతో భాగిస్తే జారుడు నిష్పత్తి సుమారుగా వస్తుంది. పదిసార్లు చేసి సగటు తీయాలి. ముక్కుకు ఒక గుండుసూది గుచ్చి, గరిమనాభిని ముందుకు జరిపి మరల కొలవాలి.

రెండవ పనికి ఖర్చే లేదు. వేసవి సెలవులలో ఏటి ఒడ్డున నిలబడి, గ్రద్దలు మొదట వలయాలు కట్టిన వేళ, సముద్రపు గాలి తగిలిన వేళ, అవి మరల రెక్కలు ఆడించడం మొదలుపెట్టిన వేళ ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. నెల రోజుల తరువాత ఆ పుస్తకం చూస్తే, జొన్నాడ ఇసుక మేటల మీద గాలి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు అణగుతుందో తెలుస్తుంది. గ్లైడరు ఎక్కేవాడు మొదట నేర్చుకొనేదీ అదే.