చేలో కొట్టిన మందు ఎక్కడికి పోతుంది?

ఆదోని పత్తి మార్కెట్ మీకు తెలుసు. ఈరోజు ఆ పత్తికి కొట్టే పురుగుమందు గురించి మాట్లాడుకుందాం.

ఎమ్మిగనూరు దగ్గర మా మామకి రెండు చేన్లు. ఒకటి నల్లరేగడి, ఒకటి ఎర్రనేల. ఇంటికి తాగేనీళ్ల బావి ఎర్రచేలోనే ఉంది. బావి సంగతేంది మామా అంటే, "మందు కొట్టి నెల దాటిపాయ, ఇంకా యాడుంటాదప్పా?" అన్నాడు.

ముందు హాఫ్ లైఫ్ చూద్దాం. క్లోరిపైరిఫాస్‌కి మట్టిలో మామూలుగా 60 నుంచి 120 రోజులు అంటారు. 60 అనుకుంటే, 60 రోజులకి సగం పోతుంది, 120కి ఇంకా పావు వంతు మిగిలే ఉంటుంది. అంటే అది ఎక్స్‌పైరీ డేట్ కాదు. పైగా నేలని బట్టి ఈ లెక్క రెండు వారాల నుంచి ఏడాది దాకా మారుతుంది.

ఎందుకంటే మందుని విరగ్గొట్టేది ఎక్కువగా మట్టిలోని సూక్ష్మజీవులే. వాటికి తడి కావాలి. మన దిక్కు ఎండాకాలం నేల బీటలువారితే వాటి పని దాదాపు ఆగిపోతుంది. "ఎండకి మందు కాలిపోతుంది" అంటారు చూడండి, అది పైపొర వరకే.

నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ, క్లోరిపైరిఫాస్ దానికి గట్టిగా అతుక్కుంటుంది. ఈ నేలకి క్షారగుణం కూడా ఉంటుంది కాబట్టి అక్కడ కొంచెం తొందరగానే విరుగుతుంది. హమ్మయ్య అనుకోకండి. ఎండాకాలం పడిన నెర్రెల్లోంచి తొలకరి నీళ్లు నేరుగా కిందికి దిగుతాయి, మందు పట్టిన మట్టిని కూడా లాక్కెళ్తాయి.

ఎర్రనేల్లో ఇసుక ఎక్కువ. అక్కడ మోనోక్రోటోఫాస్ లాంటివి డేంజర్. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, మట్టిని పట్టుకోదు. చేలో కనపడట్లేదంటే డిలీట్ అయిందని కాదు, ఫైల్ వేరే ఫోల్డర్‌కి మూవ్ అయ్యుండొచ్చు. మామ విషయంలో ఆ ఫోల్డర్ బావి!

విరిగినా కథ అయిపోదు. 2011లో సుప్రీంకోర్టు ఆపేసిన ఎండోసల్ఫాన్ మట్టిలో ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుతుంది. అదీ విషమే, అసలుదాని కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

అందుకే బావికాడ మందు కలపొద్దు, డబ్బాలు కడగొద్దు మామా అన్నా. "మరి అంతదూరం నీళ్లు నువ్వు మోస్తావా?" అన్నాడు.

రెండు రోజులు మోశా. మూడోరోజు ఆయనే డ్రమ్ము తెచ్చి నల్లచేను గట్టు మీద పెట్టాడు.