గెలుపు గీత దగ్గర...

'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'(2019) సినిమాలో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో 24 గంటల కార్ల పందెం జరుగుతుంటే, కంపెనీ తీసుకెళ్లని కెన్ మైల్స్ అమెరికాలో రేడియో వింటుంటాడు. నిజానికి 1965లోనే మైల్స్ అక్కడ ఫోర్డ్ కారు నడిపాడు, గేర్‌బాక్స్ పాడై మధ్యలో ఆగిపోయాడు. 1966 పందేనికి ఎంజో ఫెరారీ వచ్చినట్లు చూపించడమూ కల్పనే.

మరి నమ్మశక్యంగాని ఆ ముగింపు? అదే అచ్చంగా నిజం! ఫోర్డ్ కార్లు మూడూ కలిసి గీత దాటితే ఫొటో బాగుంటుందని ముందున్న మైల్స్‌ను వేగం తగ్గించమన్నారు. తీరా చూస్తే, కాస్త వెనక నుంచి బయల్దేరిన మెక్‌లారెన్, ఆమన్‌ల కారే ఎక్కువ దూరం వెళ్లినట్లంటూ వాళ్లనే విజేతలుగా ప్రకటించారు. అదే ఏడాది డేటోనా, సెబ్రింగ్ పందేలు గెలిచిన మైల్స్‌కు మూడోది అలా చేజారింది. మరో అవకాశమూ రాలేదు. రెండు నెలలకే కొత్త కారును పరీక్షిస్తూ ప్రాణాలొదిలాడు.